పాత ప్రెషర్ లాంతరు ట్యాంకు: తళతళలాడేలా మెరిపించాలా, చిలుముతోనే ఉంచాలా?

నీలిమంట:
పెట్రోమాక్స్ తరహా లాంతరు ట్యాంకు ఎక్కువగా ఇత్తడిదే, పైన నికెల్ పూత. ఏళ్లు గడిచాక ఆ పూత పొరలుగా లేచిపోయి, కింద ఇత్తడి చిలుము పట్టి కనిపిస్తుంది. సగం ఊడిన పూతను కాపాడుకుంటూ కూర్చోవడం దండగని నా వాదన. లేచిన అంచుల కింద తేమ చేరుతుంది, బీటలున్నా కంటపడవు. పూత మొత్తం తీసేసి బఫింగ్ చక్రం మీద ఇత్తడిని మెరిపిస్తే లోపమేదైనా బయటపడుతుంది. పైగా మెరిసే ట్యాంకు మాంటిల్ (మంటలో తెల్లగా వెలిగే జాలీ సంచి) నుంచి వచ్చే వేడిని తిప్పికొడుతుంది, నల్లబడినది పీల్చుకుంటుంది. కాదనేవారు కారణం చెప్పండి.

నికెల్‌పూత:
వేడి సంగతి ఒప్పుకుంటాను. బీటల సంగతి మాత్రం సరిగ్గా తలకిందులుగా చెప్పారండీ. బఫింగ్ చక్రం ఇత్తడి పైపొరను సాగదీసి పగులు మీదికి జరుపుతుంది, మిగిలిన సందులో పాలిష్ ముద్ద కూరుకుపోతుంది. వెంట్రుకంత బీట అలా మూసుకుపోయి ట్యాంకు కొత్తదానిలా కనిపిస్తుంది, ఒత్తిడి ఎక్కగానే తెరుచుకుంటుంది. ట్యాంకు మీద అచ్చొత్తిన పేరు, నంబరు అంచులు కూడా అరిగిపోతాయి. అవి ఒకసారి పోతే మళ్లీ రావు. నికెల్ బాగున్న చోట గోరువెచ్చని సబ్బునీళ్లు, మెత్తని గుడ్డ చాలు.

నీలిమంట:
అయితే చక్రం వద్దు, చేత్తో రుద్దుతాం. బజారులో దొరికే ఇత్తడి పాలిష్ వాడొచ్చు కదా?

ఇత్తడిరేకు:
వాడేముందు డబ్బా మీద ఏముందో చదవండి. అమ్మోనియా ఉంటే ఆ పాలిష్ ట్యాంకు దగ్గరికే రానివ్వొద్దు. ఈ చర్చలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదేనని నా అభిప్రాయం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ట్యాంకును పలుచని ఇత్తడి రేకు నుంచి సాగదీసి, అంచులు మడిచి చేస్తారు. ఆ సాగదీతలో పుట్టిన బిగువు లోహంలోనే ఉండిపోతుంది. అలాంటి ఇత్తడికి అమ్మోనియా, తేమ తోడైతే లోహపు రేణువుల మధ్య సరిహద్దుల వెంట పగుళ్లు పాకుతాయి. బయటి నుంచి ఏ బలమూ తగలక్కర్లేదు. పందొమ్మిదో శతాబ్దంలో బ్రిటిష్ సైన్యపు ఇత్తడి తూటా గొట్టాలు వానాకాలంలో వాటంతటవే చీలేవి. గుర్రపుశాలల దగ్గర, మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా సోకిన చోట ఇది జరిగేది. అసలు కారణం 1921లో గానీ తేలలేదు. లాంతరు ట్యాంకులో ఈ పగుళ్లు నూనె పోసే మూత చుట్టూ, పంపు గొట్టం అతికిన చోట, అడుగు మడత వెంట వస్తాయి. బిగువు ఎక్కువుండేది అక్కడే. పశువుల కొట్టంలో, ఎరువుల గదిలో పడి ఉన్న లాంతరైతే పాలిష్ అంటకపోయినా అనుమానించాల్సిందే.

తోలువాషర్:
అమ్మోనియా లేకుండా చిలుము వదిలించాలంటే నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) ఉంది. లీటరు గోరువెచ్చని నీళ్లలో 50 గ్రాములు కరిగించి, బర్నరు, పంపు, ఒత్తిడి చూపే గేజి ఉన్న మూత, రబ్బరు, తోలు అన్నీ విప్పేశాక ట్యాంకును 20 నిమిషాలు ముంచండి. మధ్యలో ఒకట్రెండుసార్లు తీసి చూడండి. తర్వాత లీటరుకు ఒక చెంచా వంటసోడా కలిపిన నీళ్లలో కడిగి, మంచినీళ్లతో మళ్లీ కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టాలి.

గంటలకొద్దీ వదిలేస్తే ఇత్తడి గులాబీ రంగుకు తిరుగుతుంది. పైపొరలో జింకు కరిగిపోయి రాగి మిగలడమో, కరిగిన రాగి తిరిగి పేరుకోవడమో దానికి కారణం. పలుచగా ఉంటే మెత్తని పాలిష్‌తో పోతుంది. ఉక్కు మరలు, ఇనుప పీచు అదే తొట్టిలో వేయకండి. ఇనుము మీద రాగి పూత పడుతుంది, ఇత్తడి మీదా మచ్చలు తేలతాయి. పింగాణీ పూత ఉన్న పైటోపీని అసలు ముంచొద్దు. పూత చిట్లిన చోట ఆమ్లం కింది ఇనుమును తింటుంది.

నీలిమంట:
ఇది చేస్తాను. కానీ బీట ఉందో లేదో తేల్చేదెలా? చూపు చాలదని మీరే అంటున్నారు.

ఇత్తడిరేకు:
ముందు నీళ్లతో చూడాలి. ట్యాంకు నిండా, గాలి మిగలకుండా నీళ్లు పోసి, బర్నరు స్థానంలో బిరడా బిగించి పంపు కొట్టండి. నీరు నొక్కుకోదు కాబట్టి ట్యాంకు చీలినా పేలదు, చుక్క కారుతుంది అంతే. పెట్రోమాక్స్ 500 పనిచేసే ఒత్తిడి సుమారు 2 బార్, అక్కడ పావుగంట ఉంచితే చాలు. పాత గేజి ముల్లు ఇరుక్కుని ఉండొచ్చు, దాన్ని నమ్మకుండా సరైన గేజి వేరేది తగిలించండి. నీళ్లకు నిలిచిందంటేనే, 1 బార్ గాలితో తొట్టిలో ముంచి బుడగలు చూడండి.

నికెల్‌పూత:
కొందరు ఒకటిన్నర రెట్లు, అంటే 3 బార్ దాకా పరీక్షించమంటారు. కొత్త ట్యాంకుకు అది సబబు. పాతదానికి వద్దు, చిన్న బీటను పరీక్షే పెద్దది చేస్తుంది.

ఇత్తడిరేకు:
ఇక్కడ మీతో ఏకీభవించలేను. 2 బార్ దగ్గర మాత్రమే నిలిచే ట్యాంకుకు, వెలిగించాక ఎవరైనా నాలుగు పోట్లు ఎక్కువ కొడితే మిగులు లేదన్నమాట. నీళ్లతో చేసే పరీక్షలో చీలిపోతే పోయేది ట్యాంకే. కిరోసిన్‌తో మండుతుండగా చీలితే పోయేది అది కాదు.

నీలిమంట:
సరే, మూత పక్కన అంగుళం బీట తేలిందనుకుందాం. టంకం వేస్తే?

తోలువాషర్:
బీట చివర చిన్న రంధ్రం వేసి, పైన ఇత్తడి ముక్క పెట్టి టంకం వేసేవాళ్లున్నారు. శుభ్రంగా చేస్తే నిలుస్తుంది.

ఇత్తడిరేకు:
సూదిమొనంత రంధ్రానికైతే నిలుస్తుందండీ. బిగువు వల్ల వచ్చిన పగులుకు కాదు, ఎందుకంటే ఆ బిగువు ఇంకా రేకులోనే ఉంది. రేపు ముక్క అంచు నుంచి ఇంకో బీట మొదలవుతుంది. బిగువు పోవాలంటే ట్యాంకును సుమారు 250 డిగ్రీల దాకా వేడి చేయాలి. తగరం-సీసం టంకమేమో 183 దగ్గరే కరగడం మొదలవుతుంది, అలా చేస్తే పాత అతుకులన్నీ ఊడిపోతాయి. ఎపాక్సీ జిగురు గురించి అడగనే వద్దు. అలాంటి ట్యాంకును పొడిగా అల్మరాలో పెట్టండి, లేదా మంచి ట్యాంకు వెతికి పైభాగం దాని మీదికి మార్చండి.

తోలువాషర్:
అల్మరాలో పెట్టేముందు ఒక్కటి చూసుకోండి. ఒత్తిడి పడిపోయినంత మాత్రాన బీట ఉన్నట్టు కాదు. పంపు కాడ దానంతటదే పైకి లేస్తుంటే లీకు పంపు అడుగున ఉన్న వాల్వుది, అందులోని రబ్బరు బిళ్ల గట్టిపడి ఉంటుంది. కిరోసిన్‌కు తట్టుకునే నైట్రైల్ లేదా వైటాన్ బిళ్ల వేయండి. ఎంత కొట్టినా ఒత్తిడే ఎక్కకపోతే తోలు వాషర్ ఎండిపోయింది. పలుచని నూనెలో రాత్రంతా నానబెట్టి, అంచును వేళ్లతో విప్పార్చి, గిన్నె నోరు ట్యాంకు వైపు ఉండేలా బిగించాలి. మూత కింది వాషర్ కూడా చాలాసార్లు అసలు దోషి.

పరీక్ష అయ్యాక నీళ్లు పూర్తిగా ఒంపేసి, స్పిరిట్ కొద్దిగా పోసి గిలకొట్టి పారబోయండి, రెండు రోజులు ఆరనివ్వండి, ఆ తర్వాతే కిరోసిన్. ట్యాంకులో నాలుగో వంతు గాలికి ఖాళీ వదలాలి. ఒక్క చుక్క నీరు మిగిలినా అది వేడి గొట్టంలోకి ఎక్కి మంట చిటపటలాడుతుంది, మాంటిల్ చిల్లులు పడుతుంది. పాత మాంటిల్ బూడిదలో థోరియం ఉంటుంది, దాన్ని ఊదకుండా తడిగుడ్డతో తుడిచి తీయండి.

నీలిమంట:
బఫింగ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను. నిమ్మ ఉప్పు, తర్వాత నీళ్ల పరీక్ష, ఆ వరసలో చేస్తాను. 2 బారా, 3 బారా అన్నది మాత్రం ఇంకా తేలలేదు.

నికెల్‌పూత:
మెల్లగా పెంచండి. 1 బార్ దగ్గర ఆగి అతుకులన్నీ చూసి, 2 దగ్గర పావుగంట, ఆ పైన వెళ్తే 2.5 వరకే. నేను అంతకు మించి చెప్పను.

ఇత్తడిరేకు:
నేను 3 అనే అంటాను. ముందు వరస మాత్రం ఆయన చెప్పినట్టే చేయండి. పరీక్షకు ముందు నికెల్ లేచిన అంచుల్ని పూర్తిగా ఆరబెట్టి పొడిగుడ్డతో తుడవండి, లేకపోతే పొర కింద దాగిన నీరు కారి లీకని భ్రమపడతారు.