పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో స్ప్రే పెయింటింగ్: వీడియోల్లో చెప్పేది నమ్మొచ్చా?

తలుపుల_రంగు:
180 లీటర్ల సింగిల్ డోర్ ఫ్రిజ్ మూలపడి ఉంది. బాడీ తుప్పుపట్టింది గానీ కంప్రెసర్ బాగానే నడుస్తోంది. దాన్ని గాలి కంప్రెసర్‌గా మార్చి, స్ప్రే గన్‌తో తలుపులకి రంగు కొట్టాలని ఉంది. చూసిన మూడు వీడియోల్లోనూ ఒకటే పద్ధతి: రాగి పైపులు కోసెయ్యడం, బైక్ ఇంజన్ ఆయిల్ పోయడం, నాలుగంగుళాల పీవీసీ పైపుకి రెండువైపులా మూతలు అంటించి ట్యాంకు చేయడం. పనికొస్తుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

కూలింగ్_పని:
పైపు కోసేముందు ఫ్రిజ్ వెనక స్టిక్కర్ చదవండి. ఆర్600ఏ అని ఉంటే అందులో ఉన్నది ఐసోబ్యూటేన్, అంటే మంట అంటుకునే గ్యాస్. కొన్ని పదుల గ్రాములే ఉంటుంది, కానీ మూసిన గదిలో అదే చాలు. గ్యాస్ వదిలేశాక కూడా కొంత ఆయిల్లో కరిగి ఉండిపోతుంది, అందుకే గ్యాస్ టార్చ్‌తో ఊడదీయడం అసలు వద్దు. ఆర్134ఏ అయితే అంటుకోదు గానీ గాల్లోకి వదలకూడదు, రికవరీ మిషన్ ఉన్న మెకానిక్‌తో తీయించండి. తర్వాత ట్యూబ్ కట్టర్‌తో కోయండి. హ్యాక్సా వాడితే రాగి పొడి లోపలికి పోయి వాల్వ్ ప్లేట్ పాడవుతుంది.

ఇంజన్ ఆయిల్ సలహా పూర్తిగా తప్పు. అందులోని డిటర్జెంట్ గాలిలోని తేమని పట్టి ఉంచుతుంది, నురగ కడుతుంది. ఫ్రిజ్ కంప్రెసర్‌లో మోటార్ వైండింగు (రాగి తీగ చుట్ట) కూడా ఆ ఆయిల్ ఉన్న డబ్బాలోనే ఉంటుందన్న సంగతి ఆ వీడియోలు చెప్పవు. ఆర్134ఏ కంప్రెసర్‌లో ఉండే పీఓఈ అనే సింథటిక్ ఆయిల్‌నీ అలాగే ఉంచెయ్యకూడదు, తేమ తగిలితే అది ఆమ్లంగా మారుతుంది. కంప్రెసర్‌ని వంచి పాత ఆయిల్ మొత్తం ఒక కొలపాత్రలోకి తీయండి. ఎంత వచ్చిందో సరిగ్గా అంతే మినరల్ కంప్రెసర్ ఆయిల్ పోయండి.

ఇంకో మాట. అది ఇన్వర్టర్ కంప్రెసర్ (ఎలక్ట్రానిక్ బోర్డు వేగం మార్చి నడిపేది) అయితే నేరుగా 230 వోల్టులు ఇవ్వగానే కాలిపోతుంది. ప్లగ్ తీసి, కంప్రెసర్ మీదుండే మూడు పిన్నుల మధ్య మల్టీమీటర్‌తో ఓమ్‌లు కొలవండి. మూడు రీడింగులూ సమానంగా వస్తే ఇన్వర్టర్. ఒకటి మిగతా రెండింటి మొత్తానికి సమానమైతే మామూలుది.

గాలి_లెక్క:
అసలు ఇబ్బంది గాలి చాలకపోవడం. ఈ సైజు కంప్రెసర్ ఒక చుట్టుకి సుమారు 5.5 సీసీ లాగుతుంది. నిమిషానికి 2,850 చుట్లంటే దాదాపు 16 లీటర్లు, అదీ ఎదురు ప్రెషర్ లేనప్పుడు. 6 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలమానం) దగ్గర అందులో సగం వచ్చినా గొప్పే. తలుపులకి వాడే స్ప్రే గన్‌కి నిమిషానికి 100 నుంచి 200 లీటర్లు కావాలి. 20 లీటర్ల ట్యాంకు 8 బార్ నుంచి 3 బార్‌కి దిగేలోపు ఇచ్చేది 100 లీటర్లు. అంటే నిమిషంలోపు గన్ ఆగిపోతుంది, మళ్లీ నిండడానికి పది పన్నెండు నిమిషాలు. ఈలోపు తలుపు మీద రంగు ఆరి అతుకు గీత కనిపిస్తుంది. వీడియోలో గన్ ఐదు సెకన్లే నొక్కి చూపించేది ఇందుకే.

గాలితోపాటు ఆయిల్ తుంపరా వస్తుంది. ఫిల్టర్ లేకపోతే రంగు మీద చేపకళ్లలాంటి గుంటలు పడతాయి.

ట్యాంకు_భద్రం:
పీవీసీ పైపు మీద ఉండే ప్రెషర్ అంకె నీళ్లకి, గాలికి కాదు. నీళ్ల పైపు పగిలితే కారుతుంది, గాలి నింపినది పగిలితే ముక్కలు కత్తుల్లా ఎగురుతాయి. పైగా కంప్రెసర్ నుంచి వచ్చే వేడి గాలికి పీవీసీ ఇంకా బలహీనపడుతుంది. దయచేసి ఆ పని చేయకండి. గ్యాస్ సిలిండర్ కూడా వద్దు.

లారీ ఎయిర్ బ్రేక్ ట్యాంకు స్క్రాప్‌లో దొరుకుతుంది. లోపల తుప్పు చూసి, నిండా నీళ్లు పోసి, ప్లంబర్ల చేతి పంపుతో 9 బార్ వరకు పరీక్షించి, 6 బార్‌కే వాడండి. ప్రెషర్ స్విచ్ ఉన్నా సేఫ్టీ వాల్వ్ విడిగా ఉండాల్సిందే. స్విచ్ పట్టేస్తే ఈ కంప్రెసర్ 15 బార్ దాటినా తోస్తూనే ఉంటుంది. ట్యాంకు గాలి వెనక్కి రాకుండా ఆపే నాన్-రిటర్న్ వాల్వ్, మోటార్ ఆగగానే పైపులో మిగిలిన గాలిని వదిలేసే అన్‌లోడర్ ఉన్న స్విచ్ తప్పనిసరి. లేకపోతే హెడ్‌లో ప్రెషర్ నిలిచి, రెండోసారి మోటార్ తిరగక గుర్రుమంటుంది, ఓవర్‌లోడ్ ట్రిప్ అవుతుంది. మోటార్‌ని స్టార్ట్ చేసే రిలే చల్లారడానికి కూడా నాలుగైదు నిమిషాలు ఆగాలి.

తలుపుల_రంగు:
కొలిచాను. 14, 19, 33 ఓమ్‌లు. స్టిక్కర్ మీద ఆర్134ఏ.

కూలింగ్_పని:
మామూలుదే అండి. 33 వచ్చిన రెండు పిన్నులు పోగా మిగిలింది కామన్, అంటే రెండు వైండింగులూ కలిసే పిన్ను. కామన్‌కి 14 చూపేది రన్ (మోటార్‌ని నడిపే వైండింగు పిన్ను), 19 చూపేది స్టార్ట్ (మొదట తిప్పే వైండింగు పిన్ను). ఎర్త్ వైరు బాడీకి బిగించండి.

గాలి_లెక్క:
ఎయిర్ బ్రష్‌కీ, బండి టైర్లకీ సరిపోతుంది. తలుపులకి మాత్రం 2 హెచ్‌పీ బెల్ట్ కంప్రెసర్ ఒక రోజుకి అద్దెకు తెచ్చుకోండి.