మూసా బూసీయా, బుస్సీయా?

బొబ్బిలి పక్క ఊరివాడు: చిన్నప్పుడు జంగం కథలో విన్న చరణం ఒకటి నిన్నటి నుంచి బుర్రలో తిరుగుతోంది. 1757 నాటి బొబ్బిలి యుద్ధంలో కోట ముట్టడి ఘట్టం. చివర "మూసా బూసీ" అని ఫ్రెంచి సేనాని పేరు ఉంటుంది, ముందు మాటలు పోయాయి. అచ్చులో మాత్రం ఎక్కడ చూసినా "బుస్సీ". పాటలో అసలు పాఠం ఏది?

ఛందస్సు మాస్టారు: గణాలతో తేలదండి. బూసీ అన్నా బుస్సీ అన్నా గగమే, రెండూ గురువులే. యతీ సాయపడదు, బుకి బూకి చెల్లిపోతుంది. సకారం ప్రాసస్థానంలో, అంటే పాదం రెండో అక్షరంగా, పడితేనే పట్టుబడుతుంది. "స్స"కి ఒట్టి "స" కుదరదు. పక్క పాదం గుర్తుందా?

మలక్‌పేట: ముందు "మూసా" సంగతి. ఫ్రెంచివాళ్లు పేరు ముందు గౌరవంగా అనే "మొస్యే"నే మనవాళ్లు మూసా అన్నారు. 1798లో పోయిన నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమాండ్ కూడా జనం నోట మూసా రామ్, మూసా రహీమ్. మూసారాంబాగ్ ఆయన పేరే. మొస్యేకి దీర్ఘం వచ్చిందంటే, పక్కనున్న బుస్సీకీ అంటుకుని ఉంటుంది. నాకు బూసీయే సరైనదనిపిస్తుంది.

యానాం: ఒప్పుకోను. పుదుచ్చేరిలో బుస్సీ పేరిట వీధి ఉంది, ఇప్పుడు లాల్ బహదూర్ శాస్త్రి వీధి. తమిళులు ఈనాటికీ "పుస్సి వీది" అనే అంటారు, ద్విత్వంతో. ఆయన 1785లో చనిపోయింది కూడా ఆ ఊళ్లోనే.

పారిస్ నుంచి: ఫ్రెంచివాళ్ల నోట దీర్ఘమూ లేదు, ద్విత్వమూ లేదు. రెండు ఎస్‌లు రాసేది అది జకారంలా పలకకుండా ఉండటానికే. అసలు బుస్సీ ఊరి పేరు. పారిస్ శివార్లలో బుస్సీ-సాన్-జార్జ్ ఉంది, బుర్గుండీలో బుస్సీ-ల-గ్రాన్ ఉంది. 1579లో హత్యకు గురైన బుస్సీ దాంబ్వాజ్ మీద చాప్‌మన్ ఇంగ్లిషులో నాటకం రాశాడు, ద్యుమా నవలలోకి ఎక్కించాడు. సంగీతకర్త దెబ్యుసీ కుర్రతనంలో "ద బుస్సీ" అని విడదీసి సంతకం చేసేవాడు. నాకు అందరిలోకీ ఇష్టుడు బుస్సీ-రాబ్యుతాన్. ఆస్థానం వారి ప్రేమ వ్యవహారాలు రాసి 1665లో బాస్తీ జైలుకి వెళ్లాడు, తర్వాత సొంత కోటకే పరిమితమై, గోడల నిండా బొమ్మలు వేయించి, వాటి కింద ఎత్తిపొడుపు మాటలు రాయించాడు. ఆ గదుల్లో నిలబడి చదివితే మనిషి పక్కనే ఉన్నట్టుంటుంది. ఆయన ఉత్తరాలు చదవని వాళ్లు...

ఛందస్సు మాస్టారు: బాబూ, రాబ్యుతాన్ బొబ్బిలి రాలేదు. బొబ్బిలి కథే చెప్పే దిట్టకవి నారాయణకవి "రంగరాయ చరిత్ర" తీయండి. పద్యకావ్యం కనక ప్రాసలు దొరుకుతాయి.

మలక్‌పేట: కావ్యపాఠం జంగం కథకి ప్రమాణం ఎలా అవుతుంది మాస్టారూ? అది మంజరీ ద్విపదైతే అసలు ప్రాసే ఉండదు.

బొబ్బిలి పక్క ఊరివాడు: ఒక్క ముక్క గుర్తొచ్చింది. అదే చరణంలో "హైదరుజంగు" కూడా ఉంది.

ఛందస్సు మాస్టారు: బుస్సీ దివాను! పేరు పాదం మొదట్లో ఉందా, చివర్లోనా? అది చెప్పండి ముందు.