సమస్య: నిప్పు నార్పిన పిదపనే నిండు వంట

నిర్వాహకుడు:
పై వాక్యమే చివరి పాదంగా, మిగతా మూడు పాదాలూ మీరు పూరించాలి. ఈ వారం ఛందస్సు తేటగీతి. నిప్పు ఆరాక వంట ఎలా నిండుతుందన్నదే చిక్కు. పొగ మీద గంటల తరబడి మగ్గిన మాంసాన్ని దించగానే ఎందుకు కోయకూడదో పద్యంలో కనిపించాలి. బిర్యానీ దారి పట్టినా సరే, మనది హైదరాబాదే కదా.

తార్నాక సభ్యుడు:
పొగల మాగిన మాంసము పొయ్యి దింపి
కాగితము చుట్టి యుంచుము కదపకుండ
కోత నాపిన రసమెల్ల కూడి నిలుచు
నిప్పు నార్పిన పిదపనే నిండు వంట

మలక్‌పేట సభ్యురాలు:
మూడో పాదంలో సమస్య చక్కగా విడిపోయింది మాస్టారూ. గొర్రె భుజం లాంటి గట్టి ముక్కను లోపలి వేడి 95 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చాక దించుతాం. అప్పటికి కండను పట్టి ఉంచే కొలాజెన్ కరిగి జెలటిన్ అయిపోతుంది. ఆ వేడిలో రసం పలచగా ఉంటుంది, కత్తి పెడితే పలక మీదికి కారిపోతుంది. 65 దాకా దిగితే చిక్కబడి ముక్కలోనే ఉండిపోతుంది. పాయా చల్లారాక వేళ్లకు అంటుకునే జిగురు ఉంటుందే, అదే ఇది. అప్పుడు కోసిన ముక్కను బొటనవేలితో నొక్కితే రసం పైకి ఊరుతుంది, పలక మాత్రం తడవదు.

రెండో పాదంతోనే పేచీ. దించగానే చుట్టేస్తే లోపలి వేడికి ఇంకా ఉడుకుతూనే ఉంటుంది. ఆవిరికి పైన కట్టిన నల్లటి పొర కూడా మెత్తబడుతుంది. పది నిమిషాలు విప్పి ఉంచి, ఆ తర్వాత చుట్టి, తువ్వాలు కప్పి, వేడి మెల్లగా దిగేలా ఐసు వేయని ఐస్‌బాక్సులో పెట్టాలి.

తార్నాక సభ్యుడు:
నిజమేనమ్మా. రెండో పాదం ఇలా చదవండి:
యావి యారగ కాగిత మదిమి చుట్టి

కూకట్‌పల్లి సభ్యుడు:
మూత చుట్టును పిండితో మూసి యుంచి
దమ్ము దిగినట్టి బిరియాని దరికి పోకు
గింజ విడివడు మాంసము గిల్ల నూడు
నిప్పు నార్పిన పిదపనే నిండు వంట

నిర్వాహకుడు:
దమ్ము మీద ఉన్నంతసేపూ మూత మీద కూడా బొగ్గులుంటాయి, నిప్పు ఆరిందనలేం. ‘దిగినట్టి’ అన్నారు కాబట్టి గట్టెక్కింది. ‘గిల్ల నూడు’ నాకెంతో నచ్చింది.

ఉప్పల్ సభ్యుడు:
మొదటి ప్రయత్నం, తప్పులుంటే చెప్పండి.
కోసి చూడకు వేడిలో మంచి ముక్క
గంట యాగిన మెత్తగా కరగు నోట
పొగను గుప్పిన సెగయార పోవు బిగువు
నిప్పు నార్పిన పిదపనే నిండు వంట

నిర్వాహకుడు:
ధార ఉంది నాయనా. మొదటి పాదంలో ‘కో’కి ‘మంచి’లోని ‘మ’తో యతి, అంటే అక్షరాల పొత్తు, కుదరదు. ‘కోసి చూడకు వేడిలో కుదురు వరకు’ అంటే సరిపోతుంది.

మలక్‌పేట సభ్యురాలు:
‘సెగయార’ను ‘సెగతగ్గ’ చేయి తమ్ముడూ, గణం చెడదు. పూర్తిగా ఆరనివ్వకూడదు. 60 డిగ్రీల కిందికి దిగిన మాంసాన్ని అలాగే వదిలేస్తే సూక్ష్మజీవులు పెరుగుతాయి, మన ఎండాకాలంలో మరీనూ. గంట ఆగడం కూడా పెద్ద ముక్కకే. పత్తర్ కా గోష్ట్‌ను రాయి మీంచి తీయగానే తినాలి.

ఇంతవరకు కోత దిశను ఎవరూ పట్టుకోలేదు. ఎంత ఆగినా, కండ పీచు వెంట కోస్తే ముక్క నారలా సాగుతుంది. పీచుకు అడ్డంగా కోయాలి. దాని మీద ఒక పూరణ రావాలి.

నిర్వాహకుడు:
శనివారం రాత్రి దాకా పంపవచ్చు.