మొదటి ఆఫ్‌రోడ్ ట్రయథ్లాన్: పల్లేరు ముళ్ళు, టైరు గాలి, రేగడి బురద, ట్రాన్సిషన్ (చర్చ)

కొత్తబాట:
రోడ్డు ట్రయథ్లాన్ నుంచి ఆఫ్‌రోడ్‌కి మారేవాళ్ళు ఏమేం మార్చుకోవాలో ఒకచోట పోగేద్దామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. దూరాలు ఎక్స్‌టెర్రా (ఆఫ్‌రోడ్ ట్రయథ్లాన్ పోటీల సిరీస్) లెక్కన: 1.5 కి.మీ. ఈత, సుమారు 30 కి.మీ. మౌంటెన్ బైక్, 10 కి.మీ. ట్రైల్ పరుగు. బైకు 29 అంగుళాల హార్డ్‌టెయిల్ (వెనక సస్పెన్షన్ లేనిది), ముందు 100 మి.మీ. దాకా కుంగే ఫోర్క్, టైర్లు 2.25 అంగుళాలవి, ప్రస్తుతం ట్యూబులే. బరువు 70 కిలోలు. సాధన వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో, ఎర్ర మొరం బాటల మీద. ట్యూబ్‌లెస్ తప్పనిసరా? గాలి ఎంత పెట్టాలి? ట్రాన్సిషన్‌లో, అంటే ఈత నుంచి బైకుకీ బైకు నుంచి పరుగుకీ మారే చోట, రోడ్డు రేసుకీ దీనికీ తేడా ఏంటి?

స్పోక్‌కీ:
తప్పనిసరేనండి. వేగం సంగతి తర్వాత, ముందు పల్లేరు కాయల సంగతి. ఎండిన పల్లేరు అయిదు ముక్కలుగా విడిపోతుంది, ప్రతి ముక్కా ఎలా పడ్డా ఒక ముల్లు పైకే చూస్తుంది. ఎండాకాలం బాటల అంచుల్లో, పొలం గట్ల మీద ఇవే. ట్యూబున్న టైరుకి ఒక్క ముక్క చాలు. ట్యూబ్‌లెస్ టైరుకి పది గుచ్చుకున్నా నడుస్తుంది, లోపల సీలెంట్ (రంధ్రాలు పూడ్చే పాలలాంటి ద్రవం) తడిగా ఉన్నంత కాలం.

ముందు రిమ్మూ టైరూ రెండూ ట్యూబ్‌లెస్‌కి తగినవేనా చూసుకోండి. చవక బైకుల సింగిల్ వాల్ రిమ్ముల మీద ప్రయత్నించొద్దు, బీడ్ (రిమ్‌లో కూర్చునే టైరు అంచు) కూర్చున్నట్టే కూర్చుని మలుపులో జారిపోతుంది.

రిమ్‌ని స్పిరిట్‌తో తుడవండి, పాత జిగురు మరక ఒక్కటి కూడా ఉండకూడదు. రిమ్ లోపలి వెడల్పు కన్నా 2–3 మి.మీ. ఎక్కువ వెడల్పున్న టేపు తీసుకుని గట్టిగా లాగి పట్టుకుని అతికించండి. చివర్లు ఒకదాని మీద ఒకటి 10–15 సెం.మీ. పడాలి. తర్వాత ట్యూబు వేసి టైరుకి గాలి కొట్టి ఒక రాత్రి వదిలేయండి, ఆ ఒత్తిడికి టేపు రిమ్ వంపుల్లోకి అతుక్కుపోతుంది. వాల్వ్ రంధ్రాన్ని బ్లేడుతో కోయొద్దు. కోత పెట్టిన చోట టేపు చిరుగుతూ పోతుంది, సీలెంట్ దాని కిందకి దూరి స్పోక్ రంధ్రాల్లోంచి కారుతుంది. సన్న మేకు కాల్చి గుచ్చితే అంచు కరిగి గట్టిపడుతుంది.

టైరు కూర్చోబెట్టేటప్పుడు బీడ్‌కి సబ్బునీళ్ళు రాసి, వాల్వ్ కోర్ (వాల్వ్ లోపలి పిన్ను) తీసేసి గాలి కొట్టండి. టప్ టప్‌మని రెండు పక్కలా శబ్దం రావాలి, రిమ్ అంచు పక్కన సన్న గీత చుట్టూ ఒకే ఎత్తులో కనిపించాలి. చేతి పంపుతో కాకపోతే పంక్చర్ షాపు కంప్రెసర్‌కి వెళ్ళండి, సన్న వాల్వ్‌కి బిగించే చిన్న ఇత్తడి అడాప్టర్ జేబులో ఉండాలి. కంప్రెసర్ సెకన్లలో ఎక్కేస్తుంది, అందుకే కొంచెం కొంచెంగా కొట్టండి. టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠ అంకె దాటొద్దు.

ఆ తర్వాత సిరంజితో, కోర్ తీసిన వాల్వ్‌లోంచే, చక్రానికి 100–120 మి.లీ. సీలెంట్. సీసాని నిమిషం పాటు గట్టిగా ఊపండి, పంక్చర్ పూడ్చే రేణువులన్నీ అడుగున ఉంటాయి, ఊపకపోతే మీరు పోసేది ఉత్త పాలే.

డాలస్‌మట్టి:
పైన చెప్పిన పల్లేరే ఇక్కడ టెక్సస్‌లో గోట్‌హెడ్. మొక్క అదే, ముల్లు అదే, వైద్యమూ అదే. ఒక్క మాట కలుపుతాను: ఎండలకి సీలెంట్ ఎండిపోతుంది. సీసా మీద ఆరు నెలలని రాసినా వేసవిలో రెండు నెలలకోసారి చూడాలి. చక్రం తీసి చెవి దగ్గర ఊపితే లోపల జలజలా వినిపించాలి. వినిపించకపోతే వాల్వ్ కోర్ తీసి సన్న ప్లాస్టిక్ టై ఒకటి అడుగు తగిలేదాకా దించి బయటికి లాగండి, ఇంజిన్ ఆయిల్ చూసినట్టే. మొన 5 మి.మీ. కూడా తడవలేదంటే 60 మి.లీ. కొత్తది పోయండి.

రేసు మధ్యలో ముల్లు కనిపిస్తే పీకొద్దు. అది ఉన్న చోటే బిరడాలా పనిచేస్తుంది. పీకాల్సే వస్తే ఆ రంధ్రం నేల వైపు ఉండేలా చక్రం తిప్పి పట్టుకోండి, సీలెంట్ అక్కడ చేరి 10–20 సెకన్లలో పూడుతుంది.

బండబాట:
గాలి గురించి. 70 కిలోలకి, 2.25 టైరుకి, ట్యూబ్‌లెస్‌లో ముందు 20–21, వెనక 23–24 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) తో మొదలుపెట్టండి. రాయి మీద రిమ్ టంగుమని తగిలితే ఒకటి పెంచండి. మలుపులో టైరు పక్కకి ఒరిగిపోతున్నట్టు ఉన్నా ఒకటి పెంచండి. రాళ్ళ మీద బంతిలా ఎగిరెగిరి పడుతుంటే ఒకటి తగ్గించండి. ఒకసారికి ఒకే చక్రం, ఒకే పీఎస్‌ఐ. రోడ్డు పంపు గేజీ 160 దాకా చూపిస్తుంది, దాని మీద 20కీ 24కీ తేడా చూడడం కష్టం. 30 లేదా 60 దాకానే చూపే గేజీ విడిగా కొనండి, ఎప్పుడూ అదే వాడండి.

రేసు పొద్దున చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. తెల్లవారుజామున 22 డిగ్రీల చలిలో 22 పీఎస్‌ఐ పెట్టి బైకు ర్యాకులో వదిలేస్తారు. ఈత ముగిసేసరికి ఎండలో టైరు 40 డిగ్రీలకి చేరితే లోపల 24 దాటుతుంది. 8 డిగ్రీలకి సుమారు 1 పీఎస్‌ఐ అని గుర్తుంచుకుని ఆ మేరకు తగ్గించి పెట్టండి. బండ మీద ఈ రెండు పీఎస్‌ఐల తేడా మలుపులో పట్టు ఉండటానికీ జారిపోవడానికీ సరిపోతుంది.

ఫోర్క్ కూడా ఇప్పుడే చూసుకోండి. పూర్తి సామానుతో, నీళ్ళతో సహా బైకు మీద నిలబడితే 100 మి.మీ. ఫోర్క్ 18–22 మి.మీ. కుంగాలి. ఫోర్క్ కాలు మీదున్న రబ్బరు రింగుని కిందకి జరిపి, మెల్లగా ఎక్కి, మెల్లగా దిగి, స్కేలుతో కొలవండి. మొదటి తారురోడ్డు ముక్కలో లాకౌట్ (ఫోర్క్ కుంగకుండా బిగించే మీట) వేస్తే బాట మొదలయ్యే చోట విప్పడం మర్చిపోవద్దు.

కొత్తబాట:
సీలెంట్‌తో పూడనంత పెద్ద కోత పడితే? ట్యూబు ఎలా వేయాలి?

స్పోక్‌కీ:
ముందు ప్లగ్. రబ్బరు తాడుని సూదితో కోతలోకి దూర్చి, కొసలు బయట వదిలేసి సూది లాగేయండి. టైరు విప్పక్కర్లేదు, నిమిషం పని. నడిమి భాగంలో 5–6 మి.మీ. రంధ్రం దాకా ఇది ఆగుతుంది. పక్కగోడ చిరిగితే ఆగదు, అక్కడ లోపలి నుంచి పాత టైరు ముక్కో, నాలుగు మడతలు పెట్టిన నోటో అడ్డం పెట్టి ట్యూబు వేయాలి.

ట్యూబు వేసేముందు టైరు లోపలంతా వేళ్ళతో, జాగ్రత్తగా, తడమాలి. నెలల తరబడి సీలెంట్ పూడ్చిన పల్లేరు మొనలన్నీ అక్కడే ఉంటాయి. ఒక్కటి మిగిలినా కొత్త ట్యూబు వంద మీటర్లు పోదు. రెండో చిక్కు వాల్వ్ నట్. ఇంట్లో కటింగ్ ప్లయర్‌తో బిగిస్తే బాటలో చేత్తో ఊడదు, అది ఊడకపోతే ట్యూబ్‌లెస్ వాల్వ్ బయటికి రాదు, ట్యూబు వేయలేరు. ఎప్పుడూ చేత్తోనే బిగించండి. సీఓటూ కార్ట్రిడ్జ్ (టైరు నింపే చిన్న గ్యాస్ సీసా) వాడేవాళ్ళు ఈ సైజు టైరుకి 16 గ్రాములది కాకుండా 25 గ్రాములది తీసుకోండి, తోడుగా మినీ పంపు ఉంటే ఇంకా ధైర్యం.

డాలస్‌మట్టి:
వానాకాలం రేసులకి ఎవరూ సిద్ధపడనిది బురద. డాలస్ చుట్టూ ఉన్న బ్లాక్‌ల్యాండ్ మట్టీ మన నల్లరేగడీ ఒకే జాతి, మట్టి శాస్త్రంలో రెండూ వెర్టిసాల్సే. తడిస్తే ఉబ్బి జిగురవుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. అందుకే వాన పడగానే ఇక్కడ ట్రైల్స్ మూసేస్తారు.

ఈ బురద టైరుకి పొర మీద పొరగా చుట్టుకుంటుంది. ఫోర్క్ పైభాగం కిందా, వెనక చైన్‌స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా ఉండే ఫ్రేము కడ్డీల) మధ్యా పిడచలా బిగుసుకుని చక్రాన్ని ఆపేస్తుంది. అప్పుడు బలంగా తొక్కితే గడ్డీ రాళ్ళూ కలిసిన ముద్ద డెరైలర్‌ని (గేర్లు మార్చే భాగాన్ని) స్పోకుల్లోకి లాగుతుంది, దాన్ని ఫ్రేముకి పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది, రేసు అయిపోతుంది. చక్రం బరువెక్కినట్టు తెలిసిన మొదటి క్షణంలోనే దిగి బైకు భుజానికెత్తుకోండి. నేల నల్లగా తళతళలాడుతుంటే బాట మధ్యలో కాకుండా అంచున గడ్డి మీద పోండి. టైరుకీ ఫ్రేముకీ మధ్య ఖాళీ ముఖ్యం, రేగడి ఉందని తెలిస్తే 2.25 తీసి దూరం దూరంగా రబ్బరు గుబ్బలున్న 2.1 వేయండి. ముందురోజు ఫ్రేము అడుగున, ఫోర్క్ లోపలివైపు వంటనూనె రాస్తే ముద్ద కొంతసేపు జారిపోతుంది. చక్రాలు విప్పేసి, బ్రేకు క్యాలిపర్లకి గుడ్డ చుట్టాకే రాయండి.

ఎండాక ఇదే రేగడి వేరే తంటా పెడుతుంది. బాట పొడవునా నెర్రెలుంటే ముందు చక్రం అందులో పడి ఇరుక్కుంటుంది. నెర్రెని ఏటవాలుగా, చక్రం కొంచెం ఎత్తి దాటాలి.

ఈతగట్టు:
ఈత రోడ్డు రేసులాంటిదే, కాబట్టి పెద్దగా చెప్పేదేం లేదు. వరల్డ్ ట్రయథ్లాన్ (ఈ ఆట అంతర్జాతీయ సంఘం) నియమాల్లో ఏజ్ గ్రూపులకి (వయసు వారీగా పోటీపడే ఔత్సాహికులకి) 1,500 మీటర్ల దాకా ఈతలో నీళ్ళు 22 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ కుదరదు. మన చెరువులు దాదాపు ఎప్పుడూ అంతకన్నా వెచ్చనే.

అసలు తేడా ట్రాన్సిషన్‌లో. రోడ్డు రేసులో బూట్లు పెడల్‌కే తగిలించి వదిలే పద్ధతి ఇక్కడ మానేయండి. బైకు ఎక్కే గీత దాకా నేల రాళ్ళూ గులకే, పైగా దారిలో దిగి నెట్టాల్సిన చోట్లుంటాయి. బూట్లు వేసుకునే పరిగెత్తాలి. సాక్సులు తప్పనిసరి. తడి కాలికి ఇసుక అంటుకుంటే 10 కి.మీ. పరుగులో మడమ బొబ్బలెక్కుతుంది. కాళ్ళు కడుక్కోవడానికి ఒక సీసా నీళ్ళు, తుడుచుకోవడానికి చిన్న తువ్వాలు. సాక్సుని ముందే బొటనవేలి దాకా మడత మీద మడతగా చుట్టి, లోపల పౌడర్ చల్లి పెట్టండి. వేళ్ళు పెట్టి ఒక్కసారి విప్పుకుంటూ వెనక్కి లాగితే తడి కాలికైనా ఎక్కుతుంది. నిండు వేళ్ళ గ్లవ్స్‌కీ అంతే, పౌడర్ లేకపోతే తడి చేతికి వేలు వేలుకీ ఇరుక్కుంటుంది.

బైకు ముట్టుకునేముందే హెల్మెట్ పట్టీ పెట్టాలి, తిరిగొచ్చాక బైకు ర్యాకులో పెట్టాకే తీయాలి. అద్దాలు లేత రంగువి తీసుకోండి. ఎండలోంచి చెట్ల నీడలోకి దూరిన క్షణంలో నల్లటి అద్దాల్లోంచి వేరు కనిపించదు. బైకుని తేలిక గేరులో వదలండి, గీత దాటగానే ఎత్తు వస్తే కదలాలి కదా. క్రాస్ ట్రయథ్లాన్‌లో, అంటే ఈ ఆఫ్‌రోడ్ రేసుల్లో, ముందువాళ్ళ వెనకాల అంటుకుని నడపడం వరల్డ్ ట్రయథ్లాన్ నియమాల్లో ఒప్పే, కానీ దిగుడులో మూడు బైకుల దూరం వదలండి. దుమ్ములో రాయి ఆఖరి క్షణంలోనే కనిపిస్తుంది. ఇరుకు బాటలో దాటాలంటే ఏ పక్కనుంచి వస్తున్నారో ముందే కేకేయండి, ముందున్నవాళ్ళు తమ దారిలోనే ఉండాలి, జాగ్రత్తగా దాటే బాధ్యత వెనకవాళ్ళది.

బండబాట:
తిండి గురించి ఎవరూ రాయలేదు. రాళ్ళ బాట మీద సీసా కేజ్‌లోంచి ఎగిరిపోతుంది. పాత ట్యూబుని రింగులా కోసి సీసాకీ కేజ్‌కీ కలిపి తొడగండి, లేదా గొట్టంతో తాగే 1.5 లీటర్ల వీపు సంచి వాడండి, హ్యాండిల్ మీద చెయ్యి తీయడం కుదరని బాటల్లో గొట్టమే నయం. గంటకి 500–750 మి.లీ. నీళ్ళు, 60 గ్రాముల దాకా పిండిపదార్థం. ఓఆర్‌ఎస్ ఒక్కటే నమ్ముకోవద్దు: డబ్ల్యూహెచ్ఓ లెక్కన లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే, ఉప్పు సరిపోతుంది గానీ శక్తి రాదు. 750 మి.లీ.కి 60 గ్రాముల బెల్లం, చిటికెడు ఉప్పుతో పానకం కలిపితే లెక్క కుదురుతుంది. పలుచటి గుడ్డలో రెండుసార్లు వడగట్టండి, నలక గొట్టం మూతిలో ఇరుక్కుంటే కారుతూనే ఉంటుంది. సాధనలో తాగి చూడనిది రేసులో తాగొద్దు.

కొత్తబాట:
అందరికీ కృతజ్ఞతలు. బైకుని రైల్లో తీసుకెళ్ళాలి. చక్రాలు విప్పితే బ్రేకులకి ఏమైనా అవుతుందా? గేర్ల విడిభాగాలు ఏం పట్టుకోవాలి?

స్పోక్‌కీ:
మీ ఫ్రేముకి సరిపోయే హ్యాంగర్ ఒకటి. ఒక ఫ్రేముది ఇంకోదానికి పట్టదు, ఊళ్ళో దొరుకుతుందనుకోవద్దు. చైను లింకు రెండు, మీ గేర్ల సంఖ్యకి తగినవే, 11కి చేసింది 12 చైనుకి వాడితే గేరు మారుతూ తెగుతుంది. బైకు కుడివైపుకి పడితే వెంటనే అతిపెద్ద పళ్ళచక్రం మీదకి గేరు వేయొద్దు. ముందు వెనక నుంచి చూడండి, డెరైలర్ చక్రాల వైపుకి వంగి ఉంటే అది స్పోకుల్లో పడుతుంది.

ఇక బ్రేకులు. రోటర్ (చక్రానికుండే బ్రేకు పళ్ళెం) లేకుండా బ్రేకు లివర్ నొక్కుకుంటే ప్యాడ్లు రెండూ దగ్గరికి వచ్చేస్తాయి, చక్రం తిరిగి ఎక్కదు. విప్పగానే మధ్యలో అట్టముక్క మడిచి పెట్టి, రెండు లివర్లకీ రబ్బరు బ్యాండు కాకుండా స్పాంజి అడ్డం కట్టండి, అప్పుడు ఒత్తుకున్నా నొక్కుకోవు. ఇంతచేసీ మూసుకుంటే స్క్రూడ్రైవర్ పెట్టొద్దు, పిస్టన్ పెచ్చు లేస్తుంది. ప్లాస్టిక్ టైరు లివర్ సన్న కొసని ప్యాడ్ల మధ్య దూర్చి రెండు పక్కలకీ మెల్లగా తెరవండి. చక్రం బిగించాక బ్రేకు లివర్ గట్టిపడేదాకా పదిసార్లు నొక్కండి, అప్పుడే బైకు ఎక్కండి.