రంగం (బర్మాలోని రంగూన్) నుంచి నడిచొచ్చిన తాతగారి పద్యాలు, కాస్త సాయం చేయండి

మాది టెక్కలి దగ్గర పల్లెటూరు. మా తాతగారు కుర్రతనంలోనే రంగం వెళ్ళి బియ్యం మిల్లులో పనిచేసేవారు, 1941 డిసెంబర్ 23న జపాన్ విమానాలు అక్కడ బాంబులు వేశాక వేలమందితోపాటు ప్రోమ్ మీదుగా తౌంగప్ కనుమ దాటి, అరకాన్ తీరం పట్టుకుని చిట్టగాంగ్ వైపు నడిచారు. దారి పొడవునా కలరా. తిరిగొచ్చాక ఊళ్ళోనే వ్యవసాయం చేసుకుంటూ రాత్రిళ్ళు ఆటవెలదులు రాసుకున్నారు, బతికుండగా ఎవరికీ చూపించలేదు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో ఆ నోట్‌బుక్ దొరికింది.

బాంబుల మీద ఒక్క పద్యమే ఉంది. మిగతావన్నీ దాదాపు నీళ్ళ గురించే: ఎక్కడ దొరికాయి, ఎవరు పోశారు, ఎవరికి అందలేదు. నిజంగా మంచి పద్యాలు, పోగొట్టుకోకూడదు.

ఇప్పుడు సిరా పాలిపోతోంది, అంచులు చెదలు తినేశాయి, పేజీ తిప్పితే పొడి రాలుతోంది. స్కానర్ మీద బోర్లా పెట్టాలంటే టెన్షన్‌గా ఉంది. పైనుంచి ఫోన్‌తో ఫోటోలు తీస్తే సరిపోతుందా? శ్రీకాకుళం, విజయనగరంలో పాత కాగితాలు బాగుచేసేవాళ్ళు ఎవరైనా తెలుసా? ఇంకోటి, మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఇదే దారిన వచ్చుంటే, చిట్టగాంగ్ నుంచి మనవైపు ఎలా చేరారో విన్నది విన్నట్టు రాయండి, నోట్‌బుక్‌లో ఆ పేజీలే పోయాయి.