సమస్యాపూరణం: "చచ్చినట్టి డిస్కు చదువ వచ్చె"

సంచాలకుని మాట

కవిమిత్రులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం:

చచ్చినట్టి డిస్కు చదువ వచ్చె

ఇప్పటికే పనిచేస్తున్న కంప్యూటరుకు కొన్ని హార్డ్ డిస్కులను ఒక్కటిగా కలిపి వాడే వరుసగా, అంటే రైడ్‌గా కూర్చి చేర్చే సందర్భంలోనే పూరణ నడవాలి. ఆపరేటింగ్ సిస్టమ్ పాత డిస్కులోనే ఉంటుందని, కొత్తవి డేటా కోసమేనని అనుకోండి. కలలో చదివానని చెప్పడం, పాదం చివర ప్రశ్నార్థకం పెట్టి తప్పించుకోవడం ఈసారి చెల్లవు. ఆ దారిలో ఏ సమస్యైనా తీరిపోతుంది కాబట్టి అందులో కవి పనితనం కనబడదు. ఛందస్సును ఎంత నిక్కచ్చిగా చూస్తామో, యంత్రం విషయంలో పద్యం చెప్పేది నిజమా కాదా అన్నదీ అంతే నిక్కచ్చిగా చూస్తాము.

మొదటి పూరణ

మూడు డిస్కులందు ముక్కలై డేటాయు
పారిటీయు గలసి పరచియుండ
మిగిలినట్టి రెంటి మేళవింపున దేలి
చచ్చినట్టి డిస్కు చదువ వచ్చె

సమీక్ష: సమస్యలోని వైరుధ్యాన్ని రైడ్ అయిదుతో (రైడ్ స్థాయిలకు ఇలా అంకెలే పేర్లు) విడగొట్టడం సహజమైన మార్గం, మూడవ పాదం దానిని చక్కగా పట్టుకున్నది. "మేళవింపు" అన్నది ఎలా జరుగుతుందో తెలియని పాఠకుని కోసం ఒక చిన్న లెక్క చూపుతాను. మొదటి డిస్కులో 1011, రెండవ దానిలో 0110 ఉన్నాయనుకుంటే, ఒకే స్థానంలోని బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0 వేసే ఎక్సార్ పద్ధతిలో మూడవ డిస్కులో 1101 రాయబడుతుంది, పద్యంలోని పారిటీ ఇదే. ఇప్పుడు రెండవ డిస్కు పోయినా 1011నూ 1101నూ అదే పద్ధతిలో కలిపితే మళ్ళీ 0110 వస్తుంది. అంటే చదివినది చచ్చిన డిస్కును కాదు, బ్రతికిన రెండింటి నుండి లెక్కగట్టిన ఫలితాన్ని. ఈ భద్రతకు మూల్యంగా ఒక డిస్కంత చోటు వదులుకోవాలి కనుక 4 టెరాబైట్ల డిస్కులు మూడు పెడితే వాడుకకు దక్కేది 8 టెరాబైట్లే.

వ్యాకరణం విషయంలో ఒక్క మాట: "పరచు" సకర్మక క్రియ, డేటా తనను తాను పరచుకోదు కదా. "పారిటీయు గలసి పరగుచుండ" అంటే అన్వయం కుదురుతుంది, గణాలూ యతీ చెడవు.

రెండవ పూరణ

రైడు సున్న గూర్ప రాజిల్లె వేగమ్ము
రెండు డిస్కు లొక్క రీతి నడువ
నొకటి పోవ నొకటి యూతమై నిలువంగ
చచ్చినట్టి డిస్కు చదువ వచ్చె

సమీక్ష: ఛందస్సులో వేలు పెట్టడానికి చోటు లేదు, ధార కూడా బాగున్నది, కానీ విషయం పూర్తిగా తప్పు. రైడ్ సున్నలో ప్రతి ఫైలూ ముక్కలై రెండు డిస్కులకూ పంచబడుతుంది, ఏ ముక్కకూ రెండవ ప్రతి ఉండదు. అందువల్ల ఒకటి పోతే రెండవది ఊతం కావడం అటుంచి, తనలో మిగిలిన సగం సగం ముక్కలతో అదీ నిరుపయోగమవుతుంది. 1988లో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి డేవిడ్ ప్యాటర్సన్, గార్త్ గిబ్సన్, ర్యాండీ కాట్జ్ వెలువరించిన పరిశోధన పత్రంలో ఉన్నవి ఒకటి నుండి అయిదు వరకు స్థాయిలే. సున్న ఆ తరువాత వాడుకలోకి వచ్చింది, అదనపు రక్షణ ఏమీ లేదని ఆ అంకే చెబుతున్నది.

కవి సమాధానం: నాకు వేగమూ కావాలి, భద్రతా కావాలి. ఒక్క పాదం మార్చి రెంటినీ నిలుపుకొనే ఉపాయం ఉంటే సెలవీయండి.

సంచాలకుడు: చదివే వేగం కొంత నిలుస్తుంది కానీ రాసే వేగం పెరగదు. మొదటి పాదాన్ని ఇలా మార్చండి:

రైడు నొకటి గూర్ప రాత రెంటను దోచు

రైడ్ ఒకటిలో ప్రతి రాతా రెండు డిస్కులలోనూ యథాతథంగా పడుతుంది. "ఒక్క రీతి నడువ" అన్న మీ రెండవ పాదం అసలు దీనికోసమే పుట్టినట్టున్నది. వేగమూ భద్రతా రెండూ తప్పనిసరి అంటారా, నాలుగు డిస్కులతో, ఒకటినీ సున్ననూ కలిపిన రైడ్ పది కూర్చుకోవాలి, కానీ దానికి మరో పద్యం కావాలి.

మూడవ పూరణ

పాత యంత్రమందు పద్ధతిన్ మార్చంగ
దెరయు నీలమయ్యె దిక్కు లేక
మరల వెనుకటట్లు మార్చి చూచినయంత
చచ్చినట్టి డిస్కు చదువ వచ్చె

సమీక్ష: "చచ్చినట్టి" అన్న మాటను "చచ్చినట్లు కనబడిన" అని తిప్పడంతో సమస్య ఒక్కసారిగా తేలికైపోయింది. అంతకంటే ముఖ్యం, ఉన్న కంప్యూటరుకు రైడ్ చేర్చేటప్పుడు మొట్టమొదట ఎదురయ్యే చిక్కును ఈ కవి ఒక్కరే పట్టుకున్నారు. మదర్‌బోర్డు ఇచ్చే రైడ్ వాడాలని, యంత్రపు మూల అమరికలుండే బయోస్‌లో సాటా పద్ధతిని, అంటే డిస్కులతో మాట్లాడే తీరును, మామూలు ఏహెచ్‌సీఐ నుండి రైడ్‌కు మార్చగానే విండోస్ నీలితెర చూపి ఆగిపోవడం చాలామంది ఎరిగినదే. డిస్కులోని ఒక్క అక్షరం కూడా చెడదు. కొత్త పద్ధతిలో డిస్కుతో మాట్లాడే సాఫ్ట్‌వేర్, అంటే డ్రైవరు, మొదటి క్షణాలలో అందక, తాను కూర్చున్న డిస్కునే విండోస్ చదవలేకపోతుంది. పద్ధతిని మార్చేముందే, కనీస డ్రైవర్లతో నడిచే సేఫ్ మోడ్‌లో మొదలయ్యేలా ఏర్పాటు చేసుకొని, మార్చిన తరువాత ఒకసారి ఆ మోడ్‌లో తెరిస్తే సాధారణంగా ఆ డ్రైవరు నిలబడుతుంది. లినక్స్‌లోని ఎండీ వంటి, ఆపరేటింగ్ సిస్టమే నడిపే సాఫ్ట్‌వేర్ రైడ్ చాలుననుకుంటే ఈ పద్ధతిని ముట్టుకోవలసిన పనే లేదు.

పద్యంలో ఒక లోపం ఉన్నది. "పద్ధతిన్" అంటే ఏ పద్ధతి? సందర్భం తెలిసినవారికి తప్ప అర్థం కాదు. అవధానంలో పృచ్ఛకుడు ఊరుకునే చోటు కాదిది, అయితే మా నియమమే సందర్భాన్ని చెప్పింది కనుక నేను ఊరుకుంటున్నాను.

నాలుగవ పూరణ

తీగ వదులు కాగ తొలగిపోయెను డిస్కు
గుంపు నుండి యొకటి కూలె ననుచు
బిగియ జొనిపి మరల బిలిచిన తోడనే
చచ్చినట్టి డిస్కు చదువ వచ్చె

సమీక్ష: మొదటి పాదంలో యతి తప్పింది. "తీ"కి "తొ" చెల్లదు, హల్లు కుదిరినా అచ్చు కుదరలేదు. "తీగ వదులు కాగ దిగజారె రైడంత" అనండి. యతి నిలుస్తుంది, ఒక డిస్కు పోయినా నడుస్తూనే ఉన్న డిస్కుల వరుస స్థితికి "దిగజారె" అన్నది సరిగ్గా అతుకుతుంది. ఎండీ స్థితిని చూపే పట్టికలో, పనిచేసే డిస్కుకొకటి చొప్పున మూడు ఇంగ్లీషు "యూ"లు ఉండవలసిన చోట ఒకటి కిందిగీతగా మారి కనబడడమే ఆ దిగజారుడుకు గుర్తు.

మరొక సభ్యుని అభ్యంతరం: "పిలిచిన తోడనే" అన్నది అతిశయోక్తి. తీగ బిగించినంత మాత్రాన తొలగిన డిస్కు వరుసలో తిరిగి చేరదు, దానిని మనమే తిరిగి చేర్చాలి. అదీగాక అది బయట ఉన్న సమయంలో మిగిలినవాటిలో రాతలు మారిపోయి ఉంటాయి.

సంచాలకుడు: అభ్యంతరం సబబే, అయితే పద్యాన్ని కొట్టివేయనవసరం లేదు. ఏయే భాగాలలో రాత జరిగిందో గుర్తుంచుకొనే బిట్‌మ్యాప్ ముందే పెట్టుకొని ఉంటే, మారిన భాగాలను మాత్రమే సరిచేసి డిస్కును త్వరగా కలుపుకొనవచ్చు. అది లేకపోతే మొత్తం డిస్కును మొదటినుండి రాయాలి, పెద్ద డిస్కులకు గంటలు పడుతుంది. "తోడనే" అన్న మాట బిట్‌మ్యాప్ ఉన్నవారికి చెల్లుతుంది.

అయిదవ పూరణ

రెండు పోవునంత రిత్తయ్యె రైడైదు
లెక్క గట్ట నేది లేక పోయె
వేరుచోట నకలు వెదకి తెచ్చినయంత
చచ్చినట్టి డిస్కు చదువ వచ్చె

సమీక్ష: "రైడైదు" అన్న సంధిపై ఒకరు సందేహం వెలిబుచ్చారు. ఉకారాంతమై తెలుగులో కలిసిపోయిన మాటకు ఉత్వసంధి చేయడంలో దోషం నాకు కనబడలేదు. "లెక్క గట్ట నేది" మొదటి పూరణకు ఎదురుగా నిలిచి, ఒక సమీకరణంలో తెలియనివి రెండైతే లెక్క తేలదన్న సంగతిని మూడు మాటలలో చెప్పింది.

రెండవ డిస్కు పోవడం అరుదని కొట్టిపారేయకండి. ఒకేసారి కొన్న ఒకే తయారీ డిస్కులు ఒకే కాలానికి అరిగే అవకాశం ఉన్నది, ఒకటి పోయాక మిగిలినవాటిని ఆసాంతం చదివే పునర్నిర్మాణ సమయమే వాటికి కఠిన పరీక్ష. సామాన్య వాడుక డిస్కులకు తయారీదారులు చెప్పే చదువు దోషాల హద్దు తరచుగా వంద లక్షల కోట్ల బిట్లకు ఒకటి, అంటే దాదాపు 12.5 టెరాబైట్లకు ఒకటి. 4 టెరాబైట్ల డిస్కులు నాలుగింటితో రైడ్ అయిదు కూర్చినవారు, ఒకటి పోతే, మిగిలిన మూడింటి నుండి 12 టెరాబైట్లు చదవాలి. ఆచరణలో డిస్కులు ఆ హద్దుకంటే మెరుగ్గానే నడుస్తాయి. అయినా డిస్కులు నాలుగో అంతకు మించో ఉన్నవారు, రెండు పోయినా తట్టుకొనే రైడ్ ఆరును చూడడం మంచిది. పొరపాటున చెరిపిన ఫైలు మాత్రం ఏ స్థాయిలోనైనా అన్ని డిస్కులలోనూ ఒకేసారి చెరిగిపోతుంది, కనుక "వేరుచోట నకలు" అన్న పాదానికి ఏ రైడూ బదులు కాదు.

ఫలితం: ధారకు నాలుగవది, అన్వయానికి అయిదవది నాకు నచ్చాయి. అయితే సందర్భ నియమాన్ని అక్షరాలా పాటించినది మూడవదే కాబట్టి ప్రథమ స్థానం దానికే ఇస్తున్నాను. "పద్ధతిన్" దగ్గర మెరుగైన మాట దొరికితే ఆ కవి సవరించి పంపవచ్చు.