టాహోలో ఏ రిసార్టు, ఏ పాసు? సామాను అద్దెకా, సొంతమా?

శ్రావణమేఘం (ఫ్రీమాంట్)

అందరికీ నమస్కారం. టాహో సరస్సు వైపు కొండల్లో స్కీయింగ్ నేర్చుకుంటున్నాను. బోరియల్ రిసార్టులో గ్రీన్ రన్నులతో (సులువైన వాలులు) మొదలుపెట్టి ఇప్పుడు బ్లూ రన్నులు (మధ్యస్థమైనవి) ధీమాగా దిగుతున్నాను. మావారు నాకంటే చాలా వేగంగా వెళతారు. పిల్లలిద్దరూ ఇంకా నేర్చుకునే దశలోనే ఉన్నారు. ఈసారి సీజన్ పాసు తీసుకుందామని మాట వచ్చింది. ఎపిక్ తీసుకుంటే నార్త్‌స్టార్, హెవెన్లీ, కర్క్‌వుడ్ మూడూ వస్తాయి, ఐకాన్ అయితే పాలిసేడ్స్ వస్తుంది. ఇంట్లో ఏకాభిప్రాయం కుదరడం లేదు.

ఇంకో ప్రశ్న. ప్రతిసారీ అద్దె సామాను కోసం పొద్దున్నే వరుసలో నిలబడేసరికి మంచి మంచు కాస్తా చెదిరిపోతోంది. ముందు ఏం కొనాలి? స్కీలా, బూట్లా? రిసార్టుల ప్రకటనలు చదివాం. మీరు స్వయంగా చూసింది చెప్పండి.

గోదారిగట్టు (శాన్ రామన్)

పిల్లలు నేర్చుకుంటున్నారంటే నార్త్‌స్టారే అండీ, మరో మాట లేదు. అక్కడ నేర్చుకునే వాలు కొండ మధ్యలో ఉంటుంది. మొదటి రోజే గొండోలా (తీగ మీద వెళ్లే చిన్న గది) ఎక్కి పైకి వెళ్లామన్న సంబరం పిల్లలకు ఎంత బలమిస్తుందో మా ఇంట్లో చూశాను. రన్నులు చాలావరకు చెట్ల మధ్యగా సాగుతాయి కాబట్టి గాలి బాగా వీచే రోజున కూడా హాయిగా ఉంటుంది. రాత్రి యంత్రాలతో వాలును చదును చేస్తారు. లిఫ్టు తెరిచే వేళకు అక్కడుంటే మంచు మీద సన్నని గాళ్లు వరసగా కనిపిస్తాయి. వాటి మీద స్కీ అంచుకు పట్టు దొరికినట్టు ఇంకెక్కడా దొరకదు. పదకొండు దాటితే ఆ గాళ్లు ఉండవు.

లోటు కూడా చెబుతాను. శనివారం వాహనం నిలిపి, షటిల్ బస్సెక్కి, పిల్లల సామాను మోసుకుని గొండోలా దాకా చేరేలోపే సగం ఓపిక అయిపోతుంది. వీలైతే శుక్రవారం సెలవు పెట్టండి.

కొండవాలు (శాక్రమెంటో)

శ్రావణమేఘం గారూ, పిల్లలు రెండేళ్లలో మిమ్మల్ని దాటిపోతారు. అప్పుడు నార్త్‌స్టార్ చాలదు. పాలిసేడ్స్ గురించి కూడా ఆలోచించండి. 1960 శీతాకాల ఒలింపిక్స్ జరిగిన కొండ అది. 2021లో పేరు మారింది. 2022 డిసెంబరులో పక్కనున్న ఆల్పైన్ మెడోస్‌కు గొండోలా వేశారు కాబట్టి ఇప్పుడు గొండోలాలోనే రెండు కొండల మధ్య తిరగవచ్చు. మీవారికి కెటి-22 అనే నిటారు కొండభాగం ఉంది. మీకు షర్లీ లేక్ వైపు వెడల్పాటి బ్లూ రన్నులున్నాయి. పిల్లలను ట్రామ్‌లో (తీగ మీద వెళ్లే పెద్ద గది) హై క్యాంప్‌కు తీసుకెళ్తే 8,200 అడుగుల ఎత్తున తీరిగ్గా నేర్చుకోవచ్చు. కొత్తవాళ్లకు అంత ఎత్తున, అంత విశాలమైన చోటు దొరకడం అరుదు.

సాయంత్రం కిందికి వచ్చే మౌంటెన్ రన్ మాత్రం కిక్కిరిసిపోతుంది. పిల్లలతో ఉంటే ఆ వేళకు ట్రామ్‌లోనే దిగండి.

ఇంకొక మాట. 2024 జనవరిలో ఇదే కెటి-22 దగ్గర, రిసార్టు హద్దుల లోపలే, హిమపాతం విరుచుకుపడి ఒకరు చనిపోయారు. తుఫాను తర్వాత రిసార్టు భద్రతా సిబ్బంది (స్కీ పెట్రోల్) తాడు కట్టి ఉంచారంటే దానికి కారణం ఉంటుంది. తాడు దాటిన జాడ ముందు కనిపించినా మీరు వెనకాల వెళ్లవద్దు. మీవారికి ఇది గట్టిగా చెప్పండి.

నీలాంబరి (శాన్ హోసే)

హెవెన్లీ గురించి ఎవరూ మాట్లాడరేమిటి? కాలిఫోర్నియా, నెవాడా రెండు రాష్ట్రాల మీదుగా విస్తరించిన కొండ అది. శిఖరం 10,067 అడుగులు. స్కై లిఫ్టు పై నుంచి రిడ్జ్ రన్ మీద దిగుతుంటే సరస్సు మొత్తం ఎదురుగా పరుచుకుని ఉంటుంది. బ్లూ రన్నులు ఇష్టపడే మీలాంటి వాళ్లకు టాహోలో ఇంతకంటే పొడవైన, అందమైన దిగుడు నాకు తెలిసి లేదు.

తెలిసి వెళ్లాల్సినవి రెండున్నాయి. గాలి ఎక్కువైతే పై లిఫ్టులు ఆపేస్తారు, అప్పుడు జనమంతా కింది లిఫ్టుల దగ్గర పోగవుతారు. రెండోది, కాలిఫోర్నియా లాడ్జి వైపు చివరి వాలు గన్‌బ్యారెల్. నిటారుగా, మిట్టలు మిట్టలుగా ఉంటుంది. రోజంతా తిరిగి అలసిన కాళ్లతో దాని మీదికి వెళ్లవద్దు. ట్రామ్ నడుస్తుంటే అందులో దిగండి.

మంచుబాట (రీనో)

పాసు సంగతి మిగతావాళ్లు చూసుకుంటారు. నేను రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. మొదట బూట్లు కొనండి. స్కీలు ఇంకో ఏడాది అద్దెకు తెచ్చుకున్నా నష్టం లేదు.

కాలు ఇచ్చిన ఆదేశం స్కీకి చేరేది బూటు ద్వారానే. అద్దె బూట్లలో లోపలి మెత్త ఎన్నో పాదాల కింద నలిగి పలచబడి ఉంటుంది. పైగా తొడగగానే సుఖంగా ఉందని ఒక సైజు పెద్దది ఇచ్చేస్తారు. అందులో మడమ లేస్తుంది, పాదం ముందుకు జారుతుంది, వేళ్లతో నేలను పట్టుకోవాలని చూస్తాం. మధ్యాహ్నానికి పిక్కలు మండిపోతాయి. మీ మలుపుల్లో మీరు అనుకుంటున్న లోపాల్లో సగం బూటువే అయి ఉంటాయి.

దుకాణంలో ఏం చేస్తారో చెబుతాను. ముందు పాదం పొడవు సెంటీమీటర్లలో కొలుస్తారు, అదే మాండో సైజు. 26 అయినా 26.5 అయినా సాధారణంగా పై గుల్ల ఒకటే, తేడా లైనర్‌లో, అంటే లోపలి మెత్తలో. తర్వాత లైనర్ తీసేసి ఖాళీ గుల్లలో పాదం పెట్టమంటారు. వేళ్లు ముందు అంచుకు తాకేలా జరిపితే మడమ వెనక ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే ఆ బూటు పెద్దది. లైనర్ వేసి నిటారుగా నిలబడితే బొటనవేలు కొంచెం తగలాలి, మోకాళ్లు వంచి ముందుకు ఒరిగితే వెనక్కి రావాలి. పావుగంట తొడుక్కుని అక్కడే నిలబడండి. బొటనవేలు తిమ్మిరెక్కినా, పక్క ఎముక నొప్పెట్టినా మొహమాటపడకుండా చెప్పండి. వేడిచేసి ఆ చోట గుల్లను సాగదీయగలరు. పెద్ద గుల్లను చిన్నది చేయడం మాత్రం వాళ్ల చేతిలో లేదు.

వెడల్పు కూడా చూడాలి. దాన్ని లాస్ట్ అంటారు. 98 మిల్లీమీటర్లంటే ఇరుకు, 100 మధ్యస్థం, 102 పైన వెడల్పు. చెప్పులతో పెరిగిన మనవాళ్లలో చాలామందికి వేళ్ల దగ్గర పాదం విశాలంగా, మడమ సన్నగా ఉండడం నేను చూశాను. అలాంటి పాదానికి వెడల్పు బూటు ఇస్తే ముందు బాగుంటుంది గానీ మడమ ఆడుతుంది. మధ్యస్థమైనది తీసుకుని ముందు భాగం సాగదీయించుకోవడం మంచిది. ఫ్లెక్స్, అంటే బూటు ఎంత గట్టిదో చెప్పే అంకె, మీ స్థాయికి 80, 90 మధ్య చాలు. మేజోళ్లు పలచనివి, ఒక్క జత మాత్రమే. చలి అని రెండు జతలు వేసుకుంటే రక్తప్రసరణ తగ్గి ఇంకా చల్లబడతాయి.

ఆన్‌లైన్‌లో వంద డాలర్లు తక్కువకు వస్తున్నాయని బూట్లు తెప్పించుకోవద్దు. హెల్మెట్, గాగుల్స్, చేతి తొడుగులు ఎక్కడ కొన్నా ఫరవాలేదు.

శ్రావణమేఘం (ఫ్రీమాంట్)

మంచుబాట గారూ, ఇంత వివరంగా రాసినందుకు ఎంతో కృతజ్ఞతలు. బూటు నాది, స్కీ అద్దెది అయితే బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ సరిపోతుందా?

మంచుబాట (రీనో)

సరిపోయేలా ప్రతిసారీ సర్దాలి. బూటు అడుగు పొడవు, మీ బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం చూసి పట్టు విడిచే అంకె నిర్ణయిస్తారు. దాన్నే డిన్ అంటారు. నైపుణ్యం ఎక్కువ చేసి చెబితే పడినప్పుడు స్కీ ఊడదు, మోకాలి మీద పడుతుంది. ఉన్నదున్నట్టు చెప్పండి. కొత్త బూట్లు చాలావాటికి నడవడానికి వీలైన గ్రిప్‌వాక్ అడుగు ఉంటుంది. పాత బైండింగుల్లో కొన్నింటికి అది కుదరదు కాబట్టి బూటు చూపించి అడగండి.

కొండవాలు (శాక్రమెంటో)

బూట్ల విషయంలో మంచుబాట గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తాను. స్కీలు ఏడాది ఆగవచ్చన్నది మాత్రం ఒప్పుకోను. అద్దె స్కీలలో ఎక్కువ భాగం కొత్తవాళ్ల కోసం చేసినవి, మెత్తగా ఉంటాయి, అంచులు మొద్దుబారి ఉంటాయి. టాహోలో పొద్దునేమో రాత్రి గడ్డకట్టిన గట్టి మంచు, మధ్యాహ్నం ఎండకు నీరెక్కిన మంచు. తుఫాను తర్వాతి మంచు కూడా తడిగా బరువుగా ఉంటుంది, ఇక్కడివాళ్లు దాన్ని సియెర్రా సిమెంట్ అంటారు. గారెల పిండిలో కాలు కదిపినట్టే ఉంటుంది. ఈ మూడింటికీ పనికొచ్చేది నడుము (మధ్యభాగం వెడల్పు) 85 నుంచి 95 మిల్లీమీటర్లున్న స్కీ. నిలబెడితే ముక్కు దాకా వస్తే చాలు. 105, 110 వెడల్పువి చూడడానికి బాగుంటాయి గానీ గట్టి మంచు మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకు మారడానికి ఆలస్యం చేస్తాయి.

కొనే ముందు డెమో స్కీలు (వాడి చూడడానికి ఇచ్చేవి) తీసుకుని పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి మార్చి చూడండి. వసంతంలో ఆ ఏటి మోడళ్ల ధర బాగా తగ్గుతుంది, అప్పుడు కొనండి.

కొన్న తర్వాత ఒక జాగ్రత్త. కారు పైన కట్టి తీసుకెళ్తే రోడ్డు మీది ఉప్పునీరు చిమ్మి అంచులకు తుప్పు పడుతుంది. ఇంటికి రాగానే పొడిబట్టతో తుడిచి, ఆరబెట్టి, అప్పుడు సంచిలో పెట్టండి.

వెన్నెలవాడ (డెన్వర్)

కొలరాడో నుంచి నా అనుభవం. ఇక్కడి మంచు పొడిగా, తేలిగ్గా ఉంటుంది. టాహోలో నేర్చుకుని ఇక్కడికి వచ్చినవాళ్లు మొదటి రోజే తేడా గమనిస్తారు. కానీ ఎత్తును తక్కువ అంచనా వేయకండి. బ్రెకెన్‌రిడ్జ్ ఊరే 9,600 అడుగుల ఎత్తున ఉంది, ఇంపీరియల్ లిఫ్టు 12,840 అడుగులకు చేరుస్తుంది. దిగిన రోజే పైకి వెళితే తలనొప్పి, వాంతులు తప్పవు చాలామందికి. ఒక రాత్రి డెన్వర్‌లో ఆగి, నీళ్లు బాగా తాగి, మర్నాడు కొండెక్కండి. ఐ-70 రహదారి రద్దీ భరించలేకపోతే శీతాకాలం వారాంతాల్లో డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి వింటర్ పార్క్‌కు రైలుంది, లిఫ్టుల దగ్గరే దింపుతుంది. ఎపిక్ పాసు అయితే చాలా రకాల్లో బ్రెకెన్‌రిడ్జ్ కూడా కలిసొస్తుంది, టాహోకే పరిమితమైనవి మాత్రం చూసి తీసుకోండి.

చార్మినార్‌చలి (హైదరాబాద్)

సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు గుల్మార్గ్ వెళ్దామనుకునే వాళ్లు ఇక్కడ ఉంటారని రాస్తున్నాను. సంక్రాంతి నాటికి మంచు సరిగ్గా పడకపోవచ్చు. 2024 జనవరిలో చాలా రోజులు వాలులన్నీ గోధుమరంగు గడ్డితోనే ఉన్నాయి, నెలాఖరుకు గానీ మంచు పడలేదు. ఫిబ్రవరి అయితే ధైర్యంగా టికెట్లు తీసుకోవచ్చు.

టాహో అలవాటైన వాళ్లు ఒకటి అర్థం చేసుకోవాలి. గొండోలా మొదటి దశ కొంగ్‌డోరీ దాకా, రెండో దశ అఫర్వట్ కొండ మీద దాదాపు 13,000 అడుగుల దాకా వెళుతుంది. ఆ పైభాగం చదును చేసిన రన్ను కాదు, పచ్చి కొండ. 2023 ఫిబ్రవరిలో అక్కడ హిమపాతంలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు చనిపోయారు. బీకన్ (మంచులో కూరుకుపోయినవాళ్ల జాడ తెలిపే పరికరం), పార, ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే కర్ర), స్థానిక గైడు లేకుండా అటు వెళ్లవద్దు. బ్లూ స్థాయి వాళ్లకు కొంగ్‌డోరీ నుంచి చెట్ల మధ్యగా గుల్మార్గ్‌కు దిగే దారి చక్కగా ఉంటుంది. కొత్తవాళ్లకు కింద మైదానం పక్కన చిన్న వాలులున్నాయి. అక్కడ నేర్పే స్థానిక కుర్రవాళ్ల ఓపిక, ఆప్యాయత నేను ఇంకెక్కడా చూడలేదు. అక్కడ అద్దె బూట్లలో మంచివి దొరకడం కష్టం కాబట్టి సొంత బూట్లు చేతి సంచిలో తెచ్చుకోండి. దేశీయ విమానాల్లో చేతి సంచికి ఏడు కిలోల పరిమితి ఉంటుంది, జత బూట్లు దాదాపు నాలుగు కిలోలు తూగుతాయి.

గోదారిగట్టు (శాన్ రామన్)

దారి గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తాను. పాసు ఎంచుకునేటప్పుడు రోడ్డును కూడా ఎంచుకుంటున్నారని గుర్తుంచుకోండి. నార్త్‌స్టార్, పాలిసేడ్స్‌కు ఐ-80 రహదారి, హెవెన్లీకి 50, కర్క్‌వుడ్‌కు 88. కర్క్‌వుడ్ అడుగుభాగమే 7,800 అడుగులు, కింద వాన పడుతున్నా అక్కడ మంచే పడుతుంది. కానీ పెద్ద తుఫానులో 88 మూసేస్తారు, అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు.

మంచు పడినప్పుడు టైర్లకు గొలుసులు తొడగాలనే ఆర్-2 నియంత్రణ పెడితే నాలుగు చక్రాల డ్రైవు ఉండి నాలుగింటికీ మంచు టైర్లు ఉన్నవాళ్లకే గొలుసులు తొడగకుండా అనుమతి. వాళ్లు కూడా గొలుసులు కారులో ఉంచుకోవాలి. ఇంటి ముందు వెలుతురులో ఒకసారి తొడిగి తీసి చూసుకోండి. ఆదివారం మూడింటికి బయల్దేరితే రాత్రంతా రోడ్డు మీదే. మేం మధ్యాహ్నం పన్నెండుకు కదులుతాం, లేకపోతే దారిలో ట్రకీ ఊళ్లో భోంచేసి ఎనిమిది దాటాక బయల్దేరతాం.

శ్రావణమేఘం (ఫ్రీమాంట్)

ఇంట్లో అందరం కూర్చుని చదివాం. ఈ ఏడాది ఎపిక్‌లో శనివారాలు కలిసున్న రకం. పిల్లలతో నార్త్‌స్టార్, మేమిద్దరం మాత్రమే వెళ్లినప్పుడు హెవెన్లీ. నాకూ మావారికీ ముందు బూట్లు కొంటాం, స్కీల సంగతి వసంతంలో డెమో చూశాకే. పాలిసేడ్స్ వచ్చే ఏటికి ఆపాం కొండవాలు గారూ. పిల్లల సామాను ఏం చేయమంటారు? ఏటా పాదం పెరుగుతుంది కదా.

మంచుబాట (రీనో)

పిల్లలకు కొనవద్దు. బే ఏరియాలో చాలా దుకాణాలు సీజన్ మొత్తానికి అద్దెకిస్తాయి. శరదృతువులోనే తీసుకుంటారు, ఏప్రిల్ తర్వాత తిరిగిస్తారు. మధ్యలో పాదం పెరిగితే బూట్లు మార్చిస్తారా లేదా అన్నది ముందే అడగండి. అక్టోబరులో వెళితే చిన్న సైజులు దొరుకుతాయి, థ్యాంక్స్‌గివింగ్ దాటితే మిగలవు. హెల్మెట్లు మాత్రం సొంతంగా కొనండి, పిల్లలను దుకాణానికి తీసుకెళ్లి తలకు పెట్టి చూసి.